ముప్పై నాలుగు దగ్గర ఆగిన అంబులెన్సు

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఐసీయూలో కొత్తగా చేరిన నర్సు పిల్లలకు వెంటిలేటర్ నేర్పించే పని నా నెత్తినే పడేది. రిటైరై బుచ్చిరెడ్డిపాలెంలో ఇంట్లో కూర్చున్నా అది నన్ను వదల్లేదు. మొన్నొక అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, వెంటిలేటర్ సెట్టింగుల్లో అన్నిటికంటే కష్టమైనది ఏది?" అని అడిగింది. మోడ్ అనో, ప్రెషర్ అనో చెబుతాననుకుంది పాపం. "ఆక్సిజన్ శాతం" అన్నాను. ఫోన్లోనే కిసుక్కున నవ్వింది.

నవ్వదూ మరి! మీట తిప్పితే అంకె మారుతుంది, నొక్కితే ఖాయమవుతుంది. ఆ మిషన్ మీద అంతకంటే తేలికైన పని లేదు. కానీ ఆ అంకెను మంచం పక్కన నిలబడి మనం ఒకలా చదువుతాం, గాజు తలుపు అవతల నిలబడి రోగి తాలూకు జనం ఇంకోలా చదువుతారు. ఈ రెండు చదువుల మధ్య ఒక మనిషి ప్రాణం ఇరుక్కున్న సంగతి మీ కొత్త నర్సులందరికీ చెబుతాను. భయపడకండి, మనిషి బతికాడు. బతక్కపోతే నేనింత తీరిగ్గా కూర్చుని రాసేదాన్ని కాదు.

మాది నెల్లూరులో ఒక మధ్యరకం ఆసుపత్రి. ఐసీయూకి పెద్ద గాజు తలుపు ఉండేది. లోపల మేం పనిచేస్తూ కనబడితే బయటివాళ్ళకు ధైర్యంగా ఉంటుందని ఎవరో పెద్దమనిషి ఆలోచించి పెట్టించాడట. ఆయన ఒక్క పూట కూడా ఐసీయూలో డ్యూటీ చేసి ఉండడు. తలుపుకు ఎదురుగా ఉన్న మొదటి మంచం, పక్కన వెంటిలేటర్, దాని తెర మీది అంకెలు, అన్నీ కారిడార్లో నిలబడ్డవాళ్ళకు సినిమా బొమ్మలా కనిపించేవి.

ఆ మొదటి మంచం మీదికే వచ్చాడు లెక్కల మాస్టారు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాళెంలో, చేపల వేట చేసుకునే కుటుంబాల పిల్లలకు ఉద్యోగం మొదలైన నాటినుంచి రిటైరయ్యే దాకా లెక్కలు చెప్పాడు. రిటైరయ్యాక కూడా ఆ ఊరు వదిలిపెట్టలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని 'అయివోరు' అంటారు, అంటే పంతులుగారని. న్యుమోనియా ముదిరి, రొప్పుతూ, పెదాలు నల్లబడి వచ్చాడు. వచ్చిన గంటలోనే గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాల్సి వచ్చింది.

ఆయన వెంట భార్య వచ్చింది. సన్నటి మనిషి, మాట మాత్రం కట్టె విరిచినట్టు ఉంటుంది. "పిల్లలెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాను. కారిడార్ వైపు చెయ్యి చూపించి, "అదో, ఆ దొమ్మీ అంతా మా పిల్లకాయలే. మేం కన్నది ఒక్కడూ లేడు, ఆయన చెవులు మెలేసిన వోళ్ళే అందరూ" అంది. చూద్దును కదా, కారిడార్ నిండా జనం. ఆయన దగ్గర చదువుకున్న మగవాళ్ళు, చాలామందికి తలలు నెరిసిపోయాయి, అయినా గోడకు ఆనుకుని క్లాసు బయట నిలబెట్టిన పిల్లల్లాగే నిలబడి ఉన్నారు.

వాళ్ళకు నాయకుడు ఒక బోటు ఓనరు. యాభై దాటిన మనిషి, మెడలో లావుపాటి గొలుసు. సముద్రం గాలిని దాటి అవతలి పడవకు వినిపించడానికి తయారైన గొంతు. ఆసుపత్రిలో కూడా ఆ గొంతే వాడేవాడు, వేరే గొంతు ఆయన దగ్గర లేదు.

గొడవ మొదటి రోజే మొదలైంది. మిషన్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలో రోగి ఎత్తును బట్టి లెక్క కడతామని మీకు పాఠంలో చెప్పే ఉంటారు. మనిషి లావెక్కితే పొట్ట పెరుగుతుంది గానీ ఊపిరితిత్తులు పెరగవు కదా. అందుకని మా జూనియర్ నర్సు టేపు తీసుకుని అయివోరిని తలనుంచి మడమ దాకా కొలిచింది. కొలిచి ఇంకా టేపు చుట్టనేలేదు, గాజు తలుపు బయట గొల్లుమన్నారు.

నేను పరుగెత్తుకుంటూ బయటికి వెళ్ళాను. బోటు ఓనరు నా ముందు చేతులు జోడించి, "యేందక్కా ఇది, మనిషింకా ఊపిరి తీస్తా ఉంటే గుంతకి కొలతలు తీస్తా ఉండారు!" అన్నాడు.

"గుంతకి కాదన్నా, గాలికి" అన్నాను.

"గాలికి కొలతలేందక్కా? చొక్కాకి దీస్తారు, గుంతకి దీస్తారు. మా టైలరు సాయిబు గూడా ఇక్కడే ఉండాడు, అడుగు" అని పక్కనున్నాయన్ని ముందుకు లాగాడు. ఆ టైలరు కూడా అయివోరి శిష్యుడే. ఆయన తలుపులోంచి ఒకసారి చూసి, "చొక్కాకైతే కాదు" అని గంభీరంగా తీర్పు చెప్పాడు. దాంతో ఏడుపు ఇంకాస్త పెరిగింది. వాళ్ళను ఊరుకోబెట్టేసరికి నా ప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజు ఆయనకు ఆక్సిజన్ వంద శాతం పెట్టాం. వంద అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ మిషన్ ఇవ్వగలిగిందంతా ఇస్తున్నాం, ఇంతకు మించి మా దగ్గర ఏమీ లేదని అర్థం. మొత్తం ఆ చికిత్సలో మేం ఎక్కువ భయపడింది ఆ పూటే. మా డాక్టరు విశాఖవైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, మంచివాడు, పుస్తకం భాష తప్ప మరో భాష రాదు. ఆయన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా విప్పలేదు.

సరిగ్గా అప్పుడు బోటు ఓనరు పెద్ద పెట్టెడు మలైకాజాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అందరికీ పంచక్కా. మా అయివోరికి నూటికి నూరు!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. వెనకాల ఒకడు, "లెక్కల్లో గదా, నూరే వొస్తాయి" అన్నాడు.

మా సేవను మెచ్చుకుంటున్నాడేమో అనుకున్నాను. రోగి చావుబతుకుల్లో ఉన్న రోజు స్వీట్లు పంచేవాళ్ళను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు, అయినా పెద్దమనసు అనుకున్నాను. మా జూనియర్ రెండు కాజాలు తిన్నది. డాక్టరు మాత్రం కాజాను చేతిలో పట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

మరునాడు అయివోరికి కాస్త తెలివి వచ్చింది. దగ్గుతూ, మిషన్ గాలి పంపే వేళకు తను బయటికి నెడుతూ పెనుగులాడాడు. అలారం మోగింది. డాక్టరు సెట్టింగులు సర్ది, కొంచెం మత్తు ఇచ్చి, బయటికి వెళ్ళి పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు: "పేషెంటు వెంటిలేటర్‌తో ఫైట్ చేశాడు. ఇప్పుడు కంట్రోల్ చేశాం."

కారిడార్లో గర్వం పొంగిపోయింది. "మా అయివోరు యెవుర్నీ లెక్కజేసే రకం గాదు సార్! ఇనస్పెక్షనుకొచ్చిన ఆఫీసరుతోనే కొట్లాడినోడు. మిషనెంత?" అన్నాడు బోటు ఓనరు. ఆ మాట పాళెం దాకా పోయింది. సాయంత్రానికి "అయివోరు మిషన్ని కొట్టినాడంట" అని చూడ్డానికి ఇంకో ఆటో జనం వచ్చారు.

తర్వాత అయివోరు కోలుకోవడం మొదలుపెట్టాడు. అసలు చిక్కు అక్కణ్ణుంచే వచ్చింది.

మందులు పనిచేశాయి. ఆక్సిజన్ వందనుంచి ఎనభైకి దించాం, ఎనభైనుంచి అరవైకి, అక్కణ్ణుంచి యాభై అయిదుకి. ఆక్సిజన్ మంచిదే గానీ అతిగా పోస్తే ఊపిరితిత్తులనే కాలుస్తుంది, అందుకని రోగి తట్టుకోగలిగిన కొద్దీ తగ్గించుకుంటూ రావాలి. మేం తగ్గించినప్పుడల్లా లోపల సంతోషం. బయట మాత్రం చావు కళ. కాజాలు ఆగిపోయాయి. పొద్దున్నే మాకు తెచ్చిపెట్టే ఇడ్లీలు కూడా ఆగిపోయాయి. టైలరు సాయిబు తన జపమాల, తసబీ, తీసి మూల కూర్చున్నాడు.

"యాభై అయిదంట. మొన్న నూరు, నిన్న ఎనభై, ఈరోజు యాభై అయిదు" అని బోటు ఓనరు గోడకు తల ఆనించుకుని అంటుంటే అప్పుడు నాకు బుర్ర వెలిగింది. వీళ్ళు ఆ అంకెను మార్కులనుకుంటున్నారు! మనిషికి మిషన్ వేస్తున్న మార్కులు! ఆ కాజాలు మా సేవకు కావు, అయివోరి ఫస్టు మార్కుకు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది. నూరు దగ్గర పండగ చేసుకున్నవాళ్ళు ఇరవై దగ్గర ఏం చేస్తారో అని.

డాక్టరుతో చెప్పాను. ఆయన అందరినీ కూర్చోబెట్టి చక్కగా వివరించాడు. మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒక్క శాతమే ఉంటుందని, అయివోరిని అక్కడికి చేర్చడమే మన లక్ష్యమని, కాబట్టి అంకె ఎంత తగ్గితే అంత మంచిదని చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. అయివోరు నేర్పిన క్రమశిక్షణ, మధ్యలో ఒక్కడూ మాట్లాడలేదు. డాక్టరు లోపలికి రాగానే బయట ఒకడు అన్నాడు: "ఇరవై ఒకటికి దెస్తాడంట. విన్నారా? ముందే జెప్పేసినాడు."

ఇక అంకె కనిపించకుండా చేస్తే పోతుందని డాక్టరు ఆలోచించి వెంటిలేటర్ తెరను గోడవైపు తిప్పించాడు. సదుద్దేశమే. కానీ తిప్పిన కాసేపటికే బోటు ఓనరు తలుపు తట్టాడు.

"అక్కా, అయివోరి రిజల్టు ఆపేసినారా?"

"ఏం రిజల్టన్నా?"

"మాకు దెలీదనుకుంటా ఉండారా? మార్కులు మరీ పోయినప్పుడే గదా పేరెదురుగా యేమీ ఎయ్యకుండా పెడతారు!"

తెరను మళ్ళీ తలుపువైపే తిప్పాం. లేకపోతే తలుపు పగిలేలా ఉంది.

ఆ మరునాడే అసలు రోజు. పొద్దున అయివోరి పరిస్థితి చూసి డాక్టరు ఎంతో సంబరంగా ముప్పై అయిదుకు దించాడు. మత్తు కూడా తగ్గించాం. ఈ పూట బాగుంటే రేపు గొట్టం తీసేయొచ్చన్నాడు. నేను మందుల ట్రాలీ దగ్గర ఉన్నాను. కారిడార్లోంచి ఒక కేక వినిపించింది, పడవ మునుగుతుంటే పెట్టే కేక లాంటిది.

"ముప్పై నాలుగు!"

మిషన్లో పెట్టిన శాతం ఒకటుంటుంది, లోపలి సెన్సర్ కొలిచి చూపించేది ఇంకొకటుంటుంది. పెట్టింది ముప్పై అయిదు, సెన్సర్ చూపించేది ముప్పై నాలుగు. అంత తేడా మామూలే, మనం దాన్ని చూసినా చూడనట్టే ఉంటాం. కానీ ఆ మిషన్ తయారుచేసినవాళ్ళు కొలిచిన అంకెనే పెద్దగా వేశారు. మన రాష్ట్రంలో పాస్ మార్కు ముప్పై అయిదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

నేను బయటికి వచ్చేసరికి చెన్నైకి పోయే అంబులెన్సు గేటు దగ్గర సిద్ధంగా ఉంది. ముందురోజే మాట్లాడి పెట్టారట. డ్రైవరు కూడా ఆ పాళెం వాడే, అయివోరి శిష్యుడే. స్ట్రెచరు తలుపు దగ్గరికి తోసుకొచ్చి, "నాకైతే ముప్పయ్యారు వొచ్చినాయి" అని అడక్కపోయినా నాకు చెప్పాడు. డాక్టరు మాట కాదని తీసుకుపోతున్నామని సంతకం పెట్టడానికి అయివోరి భార్య చేతిలో పెన్ను ఉంది.

డాక్టరు ముఖం పాలిపోయింది. రేపు గొట్టం తీయాల్సిన మనిషిని ఈ రోజు రోడ్డు మీదికి ఎక్కించి, అన్ని గంటలు కుదుపుల్లో తీసుకుపోతే, దారిలో గొట్టం కదిలినా, సిలిండర్ తేడా చేసినా అంతే సంగతులు. నాయుడుపేట దాటేలోపే ఏమైనా జరగొచ్చు. "అమ్మా, ఆయన బాగున్నారు! ప్లీజ్!" అని ఆయన దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు. "ఆ ముప్పై నాలుగు లెక్కలోకి రాదు. మేం పెట్టింది ముప్పై అయిదే. ఒకటే కదా తేడా!"

ఆ 'ఒకటే కదా' అనకుండా ఉండాల్సింది.

"ఆ ఒక్కటే సార్!" అని బోటు ఓనరు గుండె మీద కొట్టుకున్నాడు. "ఆ ఒక్కటి యేం జేస్తాదో నన్నడుగు. తొమ్మిదో తరగతి పెద్ద పరీక్షలో లెక్కల్లో నాకొచ్చింది ముప్పై నాలుగు. మా అమ్మ గంపలో వంజరం చేపేసుకోని అయివోరి ఇంటికి బోయి, ఒక్క మార్కు యేసి ఒడ్డున పడెయ్యి సామీ అని అడిగింది. చేపా తీసుకోలా, మార్కూ యెయ్యలా. ఆ యేడే పడవెక్కినా. ముప్పై నాలుగంటే ఫెయిలు సార్. ఆయన నన్ను ఒక్క మార్కుకి వొదిలేసినాడు. నేను ఆయన్ని వొదల్ను. మా బోటు అమ్మైనా సరే, చెన్నపట్నం తీసకబోతా!"

అంటూనే ఆ పెద్దమనిషి వలవలా ఏడ్చేశాడు. కోపంతో వచ్చినదాన్ని, నా కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ మూర్ఖుడనుకున్నాను ఇతన్ని. ఎప్పుడో చిన్నప్పుడు పడ్డ దెబ్బను పట్టుకుని, ఆ దెబ్బ కొట్టిన మనిషినే కాపాడుకోవాలని చూస్తున్నాడు.

అయినా కరిగిపోతే పని జరగదు. నేను కూడా నాకు తెలిసిన ఉపమానం ఒకటి తీశాను. "పసిబిడ్డకు పాలు మాన్పించేటప్పుడు మెల్లమెల్లగా తగ్గిస్తాం కదన్నా, అలాగే..."

"మా అయివోరు పసిబిడ్డా?" అన్నాడు డ్రైవరు.

"సైకిలు నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకున్నవాళ్ళు మెల్లగా చెయ్యి వదిలేస్తారు కదా..."

"వొదిలేస్తే పడతాడు" అన్నాడు టైలరు సాయిబు. చెప్పొద్దూ, వాళ్ళ లెక్కల మాస్టారు వాళ్ళకు వాదించడం బాగానే నేర్పాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే బోటు ఓనరు ఇందాక అన్న మాట తట్టింది. "అన్నా, మీ అమ్మగారు ఆ రోజు అడిగింది ఏంది? గ్రేస్ మార్కే కదా?"

"అవునక్కా, గ్రేస్ మార్కే."

"అయితే విను. ఆ తెర మీద కనిపించేవి అయివోరి మార్కులు కావు. ఆయన సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడని మిషన్ ఆయనకు వేస్తున్న గ్రేస్ మార్కులు. మొదటి రోజు నూరు వేసింది. అంటే ఆయన సొంత మార్కులు ఏమీ లేవని. ఈ రోజు అన్ని వెయ్యక్కర్లేదు. ఎందుకు? ఆయన సొంతంగా తెచ్చుకుంటున్నాడు కాబట్టి!"

మీలో తెలివైనవాళ్ళు ఎవరైనా ఇక్కడ చెయ్యెత్తి, "మేడమ్, మామూలు గాలిలోనే ఇరవై ఒకటి ఉంటుంది కదా, ఆ ఉపమానం పూర్తిగా అతకదు" అంటారని నాకు తెలుసు. చెయ్యి దించండి. ఆ పూట అది అతికింది.

అందరూ ఒకేసారి తలుపులోంచి మిషన్ వైపు చూశారు, దొంగను చూసినట్టు. "నూరు గ్రేస్ మార్కులా?" అన్నాడు డ్రైవరు, నమ్మలేనట్టు. "అయివోరికా?"

అప్పుడు అయివోరి భార్య పెన్ను మూత పెట్టింది. "ఒరేయ్ అబ్బయ్యా" అంది బోటు ఓనరుతో. "మీ అయివోరు జన్మలో ఒకడికి గ్రేస్ మార్కు యేసినాడా?"

"లేదమ్మా."

"మరి తాను మాత్రం యేయించుకోని పాసవతాడంట్రా? ఆయనకి దెలిస్తే లేచొచ్చి ఆ మిషన్ని నిజంగానే కొడతాడు. తగ్గించనీండి. ఎంత తగ్గిస్తే అంత మర్యాద ఆయనకి."

బోటు ఓనరు ముఖం తుడుచుకున్నాడు. సగం నమ్మాడు, సగం నమ్మలేదు. "అయితే అయివోర్నే అడుగుతా. ఆయన పొమ్మంటే పోదాం, ఉండమంటే ఉంటాం" అన్నాడు. ఇంతమందిమి ఇంతసేపు ఆయన గురించి కొట్లాడుకుంటున్నామే గానీ, తెలివిలో ఉన్న ఆ మనిషిని ఒక మాట అడగాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. డాక్టరు వెంటనే సరేనన్నాడు.

గౌను తొడిగి, నెత్తికి టోపీ పెట్టి, బోటు ఓనరును లోపలికి తీసుకెళ్ళాను. గాజు తలుపు అవతల అంత పెద్ద గొంతున్నవాడు మంచం దగ్గరికి వచ్చేసరికి గుసగుస అయిపోయాడు. "అయివోరా, నేనూ... తొమ్మిదో తరగతి, మూడో బెంచీ" అన్నాడు. పేరు చెప్పలేదు, బోటు చెప్పలేదు, బెంచీ చెప్పాడు.

అయివోరు కళ్ళు తెరిచాడు. నోట్లో గొట్టం, మాట రాదు.

"అయివోరా, ముప్పై నాలుగు చూపిస్తా ఉంది. మాకు భయంగా ఉండాది. చెన్నపట్నం బోదామా?"

ఆయన తల తిప్పి మిషన్ తెరను చూశాడు. బోటు ఓనరును చూశాడు. తర్వాత, సెలైన్ పెట్టిన చెయ్యిని మెల్లగా పైకెత్తి, చూపుడు వేలును కిందికి చూపించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. బడికి వెళ్ళిన ఎవరికైనా తెలిసే సైగ అది. నోరు మూసుకుని కూర్చోమని.

బోటు ఓనరు కూర్చున్నాడు. కుర్చీ లేదు, ఉన్నచోటే, ఐసీయూ గచ్చు మీద, బాసిపట్టు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గాజు తలుపు బయట అది చూసిన మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే కారిడార్లో చతికిలబడ్డారు. డ్రైవరు స్ట్రెచరు పక్కనే కూర్చుండిపోయాడు. చెన్నైకి పోవాల్సిన అంబులెన్సు అలా ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది. ఇన్ఫెక్షన్ వస్తుంది, లేవండి నాయనా అని నేను మొత్తుకున్నా, అయివోరు లెమ్మని సైగ చేసేదాకా ఆ బోటు ఓనరు లేస్తే ఒట్టు.

మరునాడు గొట్టం తీశాం. కొన్నాళ్ళు మాస్కుతో ఆక్సిజన్, ఆ తర్వాత అదీ లేదు. అయివోరు వార్డులోకి మారి, కిటికీ పక్కన కూర్చుని ఊరందరితో సమానంగా మామూలు గాలి పీలుస్తున్నాడు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు బోటు ఓనరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇప్పుడు ఈ లెక్కంతా కరతలామలకం, వచ్చినవాళ్ళందరికీ వెంటిలేటర్ గురించి పాఠం చెబుతున్నాడు. గ్రేస్ మార్కుల ఉపమానం తనదే అని కూడా చెబుతున్నాడు. పోనీలే అని ఊరుకున్నాను.

"అయివోరా, ఒక మాట అడుగుతా, తిట్టొద్దు" అన్నాడు. "ఇప్పుడు మీరు పీల్చే గాలి ఇరవై ఒకటి. మిషను నూరుతో మొదలుబెట్టింది. అంటే ఎనభై తొమ్మిది గ్రేస్ మార్కులు యేసి యెనక్కి తీసుకునింది. మీకెన్ని యేసిందో చూడండి. ఆ రోజు నాకొక్కటి యేసుంటే యేం బోయుండేది?"

అయివోరు ముఖం చిట్లించాడు. గొట్టం రాసుకున్న గొంతు, బొంగురుగా వచ్చింది మాట. "ఎంతా?"

"ఎనభై తొమ్మిది."

"నూర్లో ఇరవై ఒకటి తీసేస్తే ఎనభై తొమ్మిదా?"

పక్క మంచం రోగి కూడా వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బోటు ఓనరు నుదుట చెమట పట్టింది. రోజూ చేపల వేలంపాటలో నోటితోనే వేలకు వేలు లెక్కలు కట్టే మనిషి. కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, మెల్లగా అన్నాడు: "డెబ్బై తొమ్మిది."

"ఆ రోజు పేపర్లో గూడా ఇదే జేసినావు. కడాకు, ఆఖరు తీసివేతలో, పక్క ఇంట్లో అప్పు దెచ్చిన ఒకటి తీసెయ్యడం మర్చిపోయినావు. అంత దూరం సరిగ్గా జేసి, ఆడ జారినావు" అన్నాడు అయివోరు. ఇన్నేళ్ళ తర్వాత, ఆ ఒక్క తప్పు ఆయనకు గుర్తుంది. మార్కు వెయ్యకపోయినా మనసులో మోశాడన్న మాట.

అయివోరు నా వైపు చెయ్యి చాపాడు. నా జేబులోని పెన్ను ఇచ్చాను. "చెయ్యి ఇట్టా తే" అన్నాడు. బోటు ఓనరు అరచెయ్యి చాపాడు, దెబ్బ పడుతుందేమోనని అలవాటుగా కళ్ళు మూసుకుని. తాళ్ళు లాగి కాయలు కాసిన ఆ అరచేతిలో అయివోరు రాశాడు, ముప్పై అయిదు. కింద గీత గీసి, చిన్నసంతకం కూడా పెట్టాడు.

"ఇది గ్రేస్ మార్కు గాదు, తప్పు దిద్దుకున్నందుకు" అన్నాడు. "పాసైనావు. ఇంక పై తరగతికి పోరా."

బోటు ఓనరు చెయ్యి మడవకుండా, తడి ఆరని ముగ్గును మోసుకుపోతున్నట్టు వార్డు బయటికి నడిచాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా రెండో చెయ్యే వాడాడు. డ్రైవరుకు చూపించాడు, టైలరు సాయిబుకు చూపించాడు. అప్పుడే రౌండ్సుకు వస్తున్న మా డాక్టరు ముందు కూడా ఆ అరచెయ్యి పెట్టాడు.

డాక్టరు అంతకుముందు రాత్రి నిద్ర లేక తూలుతున్నాడు పాపం. అరచేతిలోని అంకె చూసి, అలవాటు ప్రకారం, "ముప్పై అయిదా? బాగానే ఉంది. ఇంకాస్త తగ్గించండి" అన్నాడు.

బోటు ఓనరు గభాలున పిడికిలి మూసి, గుండెకు ఆనించుకున్నాడు. "ఇది మాత్రం తగ్గించేదానికి కుదర్దు సార్" అన్నాడు. "ఇవి నా సొంతం."